ఆపిన బంతులు

...అడగడమంటే ఏముంది, నోరు తెరిస్తే రెండు మాటలు. 'నేను కూర్చుంటాను.' అంతే. ఇంత చిన్న మాట నెల రోజులుగా పళ్ళ వెనకే ఇరుక్కుపోయి బయటికి రావడం లేదంటే లోపం మాటది కాదు, నోటిది కూడా కాకపోవచ్చు, ఇంకా లోపలెక్కడో ఉండాలి అనుకుంటూ కుజే బూటు లేసు విప్పి మళ్ళీ కట్టుకున్నాడు. విప్పక ముందు కూడా అది సరిగ్గానే ఉంది.

ఆదివారం. మధ్యాహ్నం బేస్‌బాల్ ఆట. ఆ సీజనుకి ఇదే ఆఖరిది, అదీ సొంత మైదానంలో. జట్టు అయిదో స్థానంలో ఉంది కాబట్టి గెలిచినా ఓడినా ఒకటే. అయినా పొద్దున్నుంచే స్టేషను దగ్గర జనం బారులు తీరారు. వాళ్ళు వస్తున్నది హదానో కోసం. ఇరవై ఏళ్ళుగా ఈ జట్టుకి బంతి విసిరిన హదానో ఇవాళ్టితో మానేస్తున్నాడు. ఏడో ఇన్నింగ్స్ మొదట్లో అతను ఒకే ఒక్క బ్యాటర్‌కి విసురుతాడు. అవతలి జట్టు బ్యాటర్ మర్యాద తెలిసినవాడు కాబట్టి మూడు బంతులకీ బలంగా బ్యాటు ఊపి మూడింటినీ పోనిచ్చి ఔటవుతాడు. తర్వాత పూలగుత్తులు, కన్నీళ్ళు, అందరూ కలిసి అతన్ని గాల్లోకి ఎగరెయ్యడం.

ఇవాళ్టితో మానేస్తున్నవాడు ఇంకొకడు కూడా ఉన్నాడు. కుజే. క్యాచర్. బ్యాటర్ వెనక గొంతుక్కూర్చుని హదానో విసిరిన బంతుల్లో ఎక్కువ భాగం పట్టింది అతనే. అతనికీ వీడ్కోలు ఏర్పాటు చేశారు, ఎనిమిదో ఇన్నింగ్స్‌లో ఒకసారి బ్యాటింగ్. అవతలి పిచర్ సూటిగా, నడిమధ్యకి, కొట్టుకోమన్నట్టు వేస్తాడు. జీవితమంతా వంట చేసినవాడికి ఆఖరి రోజున ఒక పాట పాడి వెళ్ళమన్నట్టు ఉంది ఆ ఏర్పాటు. కుజేకి బ్యాటింగ్ రాదు. అతను బ్యాటు పట్టుకుని నడిచి వస్తుంటే స్టాండ్స్‌లో జనం లేచి ఉడాన్ తినడానికి వెళ్ళేవాళ్ళు. వేడి వేడి నూడుల్స్ తాపీగా తిని వచ్చినా ఏమీ నష్టపోమని వాళ్ళకి తెలుసు. ఉడాన్ కొట్టు ముసలామె ఒకసారి అతనితో అంది కూడా, "నాయనా, నువ్వు చల్లగా ఉండాలి, నీ వల్లే నా కొట్టు నడుస్తోంది" అని.

అతనికి కావలసింది బ్యాటు కాదు. హదానో ఆఖరి మూడు బంతుల్ని తన గ్లవ్‌లో పట్టుకోవాలి. ఇరవై ఏళ్ళలో అతను తన కోసం కోరుకున్నది అదొక్కటే. అడిగితే మేనేజర్ కాదనకపోవచ్చు. అయినా అడగలేకపోతున్నాడు.

హదానో, అతనూ ఒకే ఏడు, హైస్కూలు నుంచి నేరుగా జట్టులోకి వచ్చారు. హదానోని మొదటి పేరుగా ఎంచుకున్నారు, విలేఖరులు వచ్చారు, స్కూలు పిల్లలు అతన్ని భుజాల మీద ఎత్తుకున్నారు. కుజేది ఆరో పేరు. తండ్రి ఆయిస్టర్ గుల్లలు తెచ్చే పడవ కడుగుతుండగా ఫోను వచ్చింది. అతన్ని ఎంచుకున్న ముసలాయన, "తొడలు బాగున్నాయి, బ్యాటు మాత్రం నువ్వు మరిచిపో" అన్నాడు. కుజే నిజంగానే మరిచిపోయాడు.

హదానో బంతుల్లో పేరున్నది ఫోర్క్. రెండు వేళ్ళ సందున బంతిని ఇరికించి విసురుతాడు. సూటిగా వస్తున్నట్టే వచ్చి, బ్యాటర్ ఊపే సమయానికి కాళ్ళ కింద నేల జారినట్టు పడిపోతుంది. మంచి ఫోర్క్ మట్టిని తాకుతుంది. మట్టిని తాకిన బంతి ఎటు లేస్తుందో దానికే తెలియదు. దాన్ని చేత్తో పట్టబోయిన క్యాచర్ మోసపోతాడు. మోకాళ్ళ మీద కూలబడి, గడ్డం ఛాతీకి ఆనించి, ఒంటినే గోడగా చేసి అడ్డం పెట్టాలి. మూడో బేస్‌లో అవతలివాడు పొంచి ఉన్నప్పుడు ఫోర్క్ విసరడానికి ఏ పిచరైనా జంకుతాడు. క్యాచర్ వదిలేశాడా, వాడు క్యాచర్ ముందున్న ఆఖరి బేస్‌కి పరిగెత్తి పరుగు పట్టుకుపోతాడు.

మొదటి ఏడు, కొత్త కుర్రాళ్ళు ఆడే రెండో జట్టు మైదానంలో సరిగ్గా అలాంటి సమయంలోనే హదానో తల అడ్డంగా ఊపాడు. కుజే వేళ్ళతో సైగ చేసి ఫోర్క్ అడిగాడు. వద్దన్నాడు హదానో. మళ్ళీ అడిగాడు. మళ్ళీ వద్దన్నాడు. కుజే లేచి అతని దగ్గరికి నడిచి, గ్లవ్ నోటికి అడ్డం పెట్టుకుని, "వెయ్యరా. పోతే నాది" అన్నాడు. హదానో వేశాడు. బంతి నేలకి తగిలి లేచి కుజే గొంతు కింద, ఎముక మీద కొట్టుకుని అక్కడే పడింది. పోలేదు.

ఆ రోజు నుంచి హదానో జంకలేదు.

ఇదంతా ఎక్కడా కనబడదు. తప్పిపోయిన బంతికి స్కోరులో ఒక గడి ఉంది. ఆపిన బంతికి లేదు. ఆపితే ఏమీ జరగనట్టే లెక్క. ఏమీ జరగకుండా చూడటమే తన పని అని కుజే చాలా చిన్న వయసులోనే అర్థం చేసుకున్నాడు. కొన్నేళ్ళకి ఆ అర్థం మైదానం దాటి బయటికి పాకింది. హోటల్లో తనకి రావలసిన వంటకం రాకపోతే రాలేదని చెప్పడు. పంటి నొప్పి ఉన్నట్టు డాక్టరు కనిపెట్టేదాకా నోరు మెదపడు. ఇంట్లో కూడా తను ఏ గదిలో ఉన్నాడో వెతుక్కోవలసి వస్తోందని భార్య నొబుఎ నవ్వేది. క్యాచర్‌ని పిచర్‌కి ఇల్లాలనడం ఆటలో మామూలే. ఒంటి నిండా కమిలిన మచ్చలకి మందు పట్టీలు వేస్తూ ఆమె అనేది, "మీరేమో ఆయనకి పెళ్ళాం. నేనేమో మీకు పెళ్ళాం. మరి ఈ ఇంట్లో మొగుడెవరండీ?"

ఇవాళ పొద్దున గుమ్మంలో ఆమె అతని సంచి అందించింది. "ఆఖరి రోజు కదా. మీకు చెయ్యాలనిపించింది చెయ్యండి" అంది. చెయ్యాలనిపించింది అన్న మాట రైల్లో దారి పొడుగునా అతన్ని వెంబడించింది.

తలుపు చప్పుడైంది. మియోషి. ఇరవై నాలుగేళ్ళవాడు, ఇప్పటి క్యాచర్. చేతిలో బార్లీ టీ సీసాలు రెండు. ఒకటి కుజే పక్కన పెట్టి నిలబడ్డాడు.

"కూర్చో. నిలబడితే నా మెడ నొప్పి" అన్నాడు కుజే.

"కుజే సాన్, ఒక మాట..."

"చెప్పు."

"ఏడో ఇన్నింగ్స్‌లో... హదానో సాన్ వచ్చినప్పుడు... మీరు కూర్చుంటారా? నేను తప్పుకుంటాను. మేనేజర్‌గారికి నేను చెప్తాను."

కుజే వాడి వంక చూశాడు. మొహం వంక కాదు. ఎదుటివాడి మొహం చూసే అలవాటు అతనికి ఎప్పుడో పోయింది. బ్యాటర్ల పాదాలు, మడమలు, పిడికిళ్ళు చూసి లోపలి సంగతి పట్టుకోవడం అలవాటైంది. మియోషి కుడిచేతి బొటనవేలు పిడికిట్లోకి దూరి దాక్కుంది.

ఈ సీజనులో మొదటి ఆట మొదటి బంతి నుంచీ మియోషి ఒక్క ఇన్నింగ్స్ కూడా వదలకుండా కూర్చున్నాడు. జ్వరంలో కూర్చున్నాడు, వేలు చీలితే జిగురుతో అతికించుకుని కూర్చున్నాడు. ఇవాళ ఆట ముగిసేదాకా కూర్చుంటే ఏడాది మొత్తం పట్టినవాడవుతాడు. ఆ మాట క్యాచర్లు కాని వాళ్ళకి చెబితే 'ఓహో' అని ఊరుకుంటారు. ఒక్క బ్యాటర్ కోసం తప్పుకున్నా అది పోతుంది. మళ్ళీ అంత దూరం మోకాళ్ళు మోస్తాయో లేదో ఎవరూ చెప్పలేరు.

కుజేకి అది తెలుసు. జట్టులో తన ఏడో సీజనులో అతనూ అంత దాకా వచ్చాడు. ఆఖరి వారంలో మేనేజర్ పిలిచి, వెళ్ళిపోతున్న పెద్ద క్యాచర్‌కి వీడ్కోలుగా ఒక ఇన్నింగ్స్ ఇద్దామా అన్నాడు. దానికేముంది, తప్పకుండా అన్నాడు కుజే, నవ్వుతూ. చప్పట్లు కూడా కొట్టాడు. ఇంటికి వచ్చి నీళ్ళ తొట్టిలో కూర్చుని నీళ్ళు చల్లబడేదాకా లేవలేదు. నొబుఎ తలుపు తట్టి, "బతికే ఉన్నారా?" అంది. మర్నాటికి ఆ సంగతి జట్టులో ఎవరికీ గుర్తు లేదు.

"నా మోకాళ్ళు చూశావా? కూర్చుంటే లేపడానికి నలుగురు కావాలి. అంతమంది ముందు నన్ను మోసుకెళ్ళాలా? పో, పోయి చేతులు కడుక్కో" అన్నాడు కుజే.

"నిజంగానా?"

"హదానో ఇవాళ సూటి బంతులు తప్ప ఏమీ వెయ్యడు. భయపడకు. బంతి వచ్చే ముందు గ్లవ్ కిందకి దింపకు, వాడికి చికాకు."

మియోషి నడుం వంచి దణ్ణం పెట్టాడు. తలుపు దాకా వెళ్ళేలోపు వాడి బొటనవేలు పిడికిలి దాటి బయటికి వచ్చింది. కుజే అది కూడా చూశాడు.

తలుపు మూసుకున్నాక తనలో ఏం జరిగిందో తరచి చూసుకున్నాడు. మంచి పని చేశాననిపించలేదు. ఇచ్చేశాను అనుకుందామంటే, చేతిలో లేనిదాన్ని ఇవ్వడం ఏమిటి? కుర్రాడి లెక్క అడ్డు లేకపోయినా తను అడిగి ఉండేవాడా? ఉండడు. ఇప్పుడు అడగనందుకు ఒక గౌరవమైన కారణం దొరికింది, అంతే. మరి దీన్ని త్యాగమనాలా, పిరికితనమనాలా? రెండూ ఒకే ఒంట్లో ఒకే చొక్కా తొడుక్కుని తిరుగుతుంటే ఏది ఏదో తేల్చుకోవడం అతని వల్ల కాలేదు. వీటన్నిటి కింద ఇంకొకటి ఉంది, అన్నిటికన్నా చిన్నది, సిగ్గుపడదగింది. హదానో అడగలేదు. హదానో నోరు తెరిచి 'నాకు కుజే కావాలి' అంటే జట్టులో కాదనే మనిషి లేడు. హదానో అనలేదు.

ఆట మొదలైంది. బయట ఎండగా ఉంది, సముద్రం మీంచి గాలి వస్తోంది. కుజే డగౌట్ చివర బెంచీ మీద కూర్చుని మియోషిని చూశాడు. బాగా పడుతున్నాడు. అంచున పడ్డ బంతిని కొంచెమంటే కొంచెం లోపలికి లాగి, అంపైర్ కంటికి బాగుండేలా నిలబెడుతున్నాడు. అది తను నేర్పిందే. నాలుగో ఇన్నింగ్స్‌లో ఒక బంతి మట్టిని తాకి లేచింది. మియోషి కూలబడి ఆపాడు. జనంలో ఏ చప్పుడూ లేదు. కుజే ఒక్కడే బెంచీ మీద అరచేత్తో చిన్నగా కొట్టాడు.

మేనేజర్ తొకురా పక్కకి వచ్చి నిలబడ్డాడు. చేతిలో సగం కొరికిన అన్నం ముద్ద ఉంది.

"ఏమయ్యా కుజే, బ్యాటు తీసి నాలుగుసార్లు ఊపి చూసుకున్నావా? పెళ్ళాం పిల్ల వచ్చారట."

"వచ్చారండీ."

"మరి? కొట్టు. ఒక్కసారన్నా ఉడాన్ కొట్టు ఖాళీ అవ్వాలి." ముద్ద నమిలి మింగి, అటే చూస్తూ, గొంతు తగ్గించి అన్నాడు. "నీకు ఇంకేమన్నా కావాలా? కావాలంటే చెప్పు. ఇవాళ చెప్పకపోతే ఇంక చెప్పడానికి రోజు లేదు."

ఇప్పుడు. పళ్ళ వెనక మాట కదిలింది. అతను నోరు తెరిచాడు కూడా. ఎదురుగా మియోషి మాస్కు పైకి తోసి, మోచేత్తో చెమట తుడుచుకుని, మళ్ళీ దింపుకుని కూర్చున్నాడు.

"ఏమీ లేదండీ" అన్నాడు కుజే.

తొకురా తల ఊపి వెళ్ళిపోయాడు.

అయిదో ఇన్నింగ్స్ ముగిశాక మైదానం మట్టిని చదును చేసేవాళ్ళు వచ్చారు. బ్యాటు ఊపడానికి అన్నట్టు కుజే లేచాడు. వెనక నడవాలో బ్యాట్లు పెట్టే చోటు దాకా వెళ్ళి, ఆగకుండా దాన్ని దాటి, మెట్లు దిగి స్టాండ్స్ కింద ఉన్న బుల్‌పెన్‌లోకి నడిచాడు. పిచర్లు ఒళ్ళు వేడి చేసుకునే ఆ పొడవాటి గదికి కిటికీల్లేవు. పైన వేలమంది అడుగుల చప్పుడు దూరపు వానలా వినిపిస్తుంది. తను ఎక్కడికి వెళుతున్నాడో కాళ్ళకి ముందే తెలిసినట్టు ఉంది. అతనికి మాత్రం తలుపు నెట్టాకే తెలిసింది.

హదానో అప్పటికే విసురుతున్నాడు. అవతల కిబే పడుతున్నాడు. కిబే ఆటల్లో ఎప్పుడూ కనబడడు. పాతికేళ్ళుగా ఈ గదిలోనే పిచర్లకి బంతి పట్టడం ఆయన ఉద్యోగం. బంతి గ్లవ్‌లో పడ్డ ప్రతిసారీ గది నాలుగు గోడలూ తిరిగి పలుకుతున్నాయి.

కుజేని చూసి కిబే బంతి పట్టుకునే లేచాడు. గోడకి తగిలించి ఉన్న కాళ్ళ ప్యాడ్లు, మాస్కు తీసి అందించాడు.

"రా నాయనా. నా నడుం పడిపోతోంది" అన్నాడు. ఆయన నడుం పడిపోవడం లేదని ముగ్గురికీ తెలుసు.

"కిబే సాన్, నేను ఊరికే చూసిపోదామని..."

"చూడ్డానికి ఇక్కడేముంది, గోడలేగా. కూర్చో."

కుజే ప్యాడ్లు కట్టుకుని కూర్చున్నాడు. కుడి మోకాలు కలుక్కుమంది. అటువైపు నుంచి హదానో నవ్వాడు.

"ఏంట్రా, బ్యాటు పట్టుకుని అద్దం ముందు ఊపుకుంటున్నావనుకున్నా."

"ఊపితే గాలి వస్తుంది గానీ పరుగులు రావుగా."

"మీ అమ్మాయి చూస్తుందట కదా, సిగ్గు లేదూ? ఒక్కటన్నా తగిలించు."

"నువ్వు ముందు బంతి ఇక్కడి దాకా చేరేలా చూడు. దారిలో నిద్రపోతోంది."

"చేరుతుందిలే, ముసలాడా."

వేశాడు. సూటి బంతి. గ్లవ్‌లో పడింది. కుజే వేళ్ళు ఆ బంతి బరువుని చదివాయి. వేగం పోయింది. భుజానికి ఆపరేషను చేయించుకున్న తర్వాత పోయింది తిరిగి రాలేదు. కానీ బంతి తిరుగుతున్న తీరు మాత్రం అదే. కళ్ళు కట్టి ఇంకో వందమంది బంతుల్లో పడేసినా దీన్ని ఏరి తీయగలడు. కుజే తిరిగి విసిరాడు. ఇంకొకటి. ఇంకొకటి. పైన ఎవరో ఏదో కొట్టినట్టున్నారు, వాన హోరెత్తి సద్దుమణిగింది.

కొన్ని బంతుల తర్వాత హదానో బంతిని చేతిలో తిప్పుతూ ఆగాడు. కుజే వంక చూడకుండా అన్నాడు.

"నువ్వు అడుగుతావేమోనని చూశాన్రా. నెల రోజులు."

"నువ్వే అడగచ్చుగా."

"నేనడిగితే ఇచ్చేస్తారు. అప్పుడది నా ముచ్చట అవుతుంది. నా ముచ్చట్లన్నీ నువ్వు చాలా తీర్చావు." బంతిని ప్యాంటుకి రుద్దాడు. "నీకేం కావాలో నాకు ఇప్పటికీ తెలీదు. ఇరవై ఏళ్ళు నీ మొహంలోకి చూసి బంతులు విసిరాను. అందులో నాకేం కావాలో తప్ప ఇంకేమీ కనబడలేదు."

కుజే తల దించాడు. మాస్కు ఉన్నందుకు సంతోషించాడు. సంతోషించినందుకు తన మీద తనకే అసహ్యం వేసింది.

"మియోషి ఈ ఏడంతా..." అన్నాడు.

"నాకు తెలుసు. వాణ్ణి లేపమని నేననలేదు."

గోడ మీద ఫోను మోగింది. కిబే తీసి విని పెట్టేశాడు. "ఆరో ఇన్నింగ్స్‌లో ఇద్దరు ఔటైపోయారట. పైకి రమ్మంటున్నారు."

హదానో తల ఊపి, వేలు ఒకటి ఎత్తాడు. "ఆఖరిది."

ఏ బంతి ఆఖరిదో పిచర్ చెబుతాడు. అది బాగా పడకపోతే ఇంకొకటి వేస్తానంటాడు, బాగా పడితే చాలంటాడు. ఎంత విసరాలో భుజం ఉన్నవాడే చెప్పాలి. క్యాచర్ అందులో నోరు పెట్టడు. పెట్టాడని కుజే ఎప్పుడూ వినలేదు.

హదానో కాలెత్తాడు, ఒళ్ళు వంచాడు, విసిరాడు. సూటిగా, మధ్యకి, కుజే పెట్టిన చోటికే వచ్చింది. గ్లవ్ కదల్చనక్కర లేకపోయింది. మంచి బంతి. ఇందులో వంక పెట్టడానికి ఏమీ లేదు. ఇవాళ మైదానంలో కూడా ఇలాంటివే మూడు పడతాయి, బ్యాటర్ ఊపుతాడు, జనం ఏడుస్తారు.

"బాగుంది" అన్నాడు కిబే పక్క నుంచి. హదానో టోపీ తీసి నుదురు తుడుచుకున్నాడు. జాకెట్ కోసం పక్కకి తిరిగాడు.

ఇప్పుడు క్యాచర్ లేవాలి. ముందుకు నడిచి బంతిని పిచర్ చేతిలో పెట్టి, వీపు తట్టి పంపించాలి. లేవడానికి కుజే ఎడమ చెయ్యి నేలకి ఆనించాడు. ఆనించి అలాగే ఉండిపోయాడు. బంతి ఇంకా వెచ్చగా ఉంది. అది బంతి వెచ్చదనమో తన అరచేతిదో తెలియలేదు. బాగున్న బంతి తర్వాత ఇంకొకటి అడగడానికి కారణమేదీ ఉండదు. మియోషి కోసం కాదు, హదానో కోసం కాదు, ఆట కోసం కాదు. దానికి ఏ పేరూ పెట్టి దాచలేడు.

అతను లేవలేదు. కూర్చున్న చోటు నుంచే బంతిని హదానో వైపు విసిరాడు. జాకెట్‌లోకి ఒక చెయ్యి దూర్చిన హదానో తడబడి రెండో చేత్తో పట్టుకున్నాడు.

కుజే మాస్కు పైకి తోసి మొహం బయటపెట్టాడు.

"ఇంకొక్కటి" అన్నాడు. "నాకు కావాలి."